వెలిగొండ అడివి దోవ: కొలతలు, కూలినవి, మార్చినవి

ఉదయగిరి వైపు వెలిగొండల్లో ఒక కోనకు ఎక్కే పాత కాలిదోవ వానలకు కోసుకుపోయింది. దాన్ని వదిలేసి పక్కనే కొత్త దోవ వేసిన పని ఇది. అటవీ శాఖ అనుమతితో నెల్లూరు, కావలి, వింజమూరు నుంచి వచ్చినవాళ్లం, కొండ కింది ఊరివాళ్లు కొందరు కలిసి చేశాం. మాలో ఎవరికీ కూలి లేదు. రాతి పనికి వచ్చిన పెద్దాయనకు, ఉపాధి హామీ పనుల్లో కందకాలు తవ్విన అనుభవంతో వచ్చిన ఇద్దరు అక్కలకు మాత్రం రోజు కూలి ఇచ్చాం. మనకు సెలవు రోజు కాబట్టి వాళ్ల పని రోజు కూడా ఊరికే రావాలనడం న్యాయం కాదు.

కోన పేరు రాయడం లేదు. ఎర్రచందనం ఉన్న అడవిలో దోవ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో అందరికీ పటం గీసి ఇవ్వక్కర్లేదు. పద్ధతి తెలిస్తే చాలు.

## దశ 1: అనుమతి, పనిముట్లు

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా గునపం దించితే అది నేరం. దానికి తోడు ఎర్రచందనం ఉన్న చోట గొడ్డలితో కనిపించిన మనిషి దోవ వేయడానికి వచ్చాడని ఎవరూ అనుకోరు. అందుకే అర్జీలోనే ఈ సంగతులు రాశాం:

1. వచ్చేవాళ్ల పేర్లు, ఆధార్ నకళ్లు, బండి నంబర్లు.
2. పనిముట్ల జాబితా, ఒక్కొక్కటి ఎన్నో అంకెతో సహా. గొడ్డలి లేదు, రంపం లేదు.
3. బతికున్న చెట్టు ఒక్కటి కూడా కొట్టబోమని. అడ్డొస్తే దోవే వంగుతుంది.
4. ఉదయం ఏడుకు ముందు లోపలికి పోము, సాయంత్రం నాలుగున్నరకు కిందికి దిగేస్తాం. ఎలుగుబంట్లు తిరిగే కొండ ఇది.
5. లోపల పొయ్యి లేదు, బీడీ లేదు. ఫిబ్రవరి దాటితే బోదగడ్డి ఎండి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది.

పనిముట్ల పిడులన్నిటికీ నీలం రంగు పూశాం. పొద్దున లెక్కపెట్టి లోపలికి, సాయంత్రం లెక్కపెట్టి బయటికి. ఒకసారి కొడవలి ఒకటి తక్కువైంది, అందరం వెనక్కి ఎక్కి వెతికాం. అడవిలో ఇనుము మరిచిపోయి వస్తే మరుసటి రోజు చెక్‌పోస్టు దగ్గర మాట చెల్లదు.

తీసుకెళ్లినవి: గునపాలు 6, చలగపారలు 8, తట్టలు 10, సమ్మెటలు 2, కొడవళ్లు 4, దిమ్మిస 1, రసమట్టం 1, 30 మీటర్ల టేపు 1, ముగ్గుపిండి, గోనెగుడ్డ పీలికలు, మందు డబ్బా. పనికిరానివి: రబ్బరు గ్లౌజులు. పలక రాయి అంచుకు అవి అరపూట కూడా నిలవలేదు. తోలువి కొంటే ఆఖరిదాకా వచ్చాయి. అడుగు పల్చగా ఉండే ఆటల బూట్లు కూడా వద్దు.

ఇప్పటికి ఖర్చు: పనిముట్లు 11,600 రూపాయలు, మిగతా సామాను 3,100. మొత్తం 14,700.

## దశ 2: పాత దోవ ఎందుకు చచ్చిపోయింది

ముందు పాతదాన్ని కొలిచాం. బాగు చేస్తే సరిపోతుందా, కొత్తది వేయాలా అన్నది ఇక్కడే తేలుతుంది.

- అడ్డంగా దూరం: 190 మీటర్లు
- ఎత్తు తేడా: 62 మీటర్లు
- దోవ ఎక్కుడు (అడ్డంగా వంద మీటర్లకు ఎన్ని మీటర్ల ఎత్తు): 33 శాతం
- పక్కన కొండ వాలు: 36 శాతం
- గండి లోతు, అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోట: 70 సెంటీమీటర్లు

మూడో అంకె, నాలుగో అంకె దాదాపు ఒకటే. అంటే వాన నీళ్లు కొండ మీద ఏ దారిన దిగుతాయో ఆ దారినే మనుషులూ ఎక్కుతున్నారు. నాలుగు అడుగులు పడి గడ్డి చచ్చిన చోట నీళ్లు చేరాయి, నీళ్లు తవ్విన చోట నడవలేక జనం పక్కకు జరిగారు, అక్కడా గడ్డి చచ్చింది. కొన్ని చోట్ల ఇట్లా మూడు కాలువలు పక్కపక్కన తయారయ్యాయి.

మాలో కొందరు మెట్లు కడదామన్నారు. 62 మీటర్లకు 16 సెంటీమీటర్ల మెట్టు వేస్తే దాదాపు 390 మెట్లు. అన్ని రాళ్లు మోసి కట్టినా నీటి దారి మారదు. మెట్ల పక్కనుంచి తవ్వుకుంటూ పోతుంది. ఇంకో మాట, ఈ జిల్లాలో వాన ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. నాలుగు చినుకులుగా కాదు, అల్పపీడనం వస్తే రాత్రంతా. ఏ కట్టుబడైనా ఆ ఒక్క రాత్రి లెక్క చూసుకునే చేయాలి.

కొత్త గీత వేయాలని నిర్ణయం.

## దశ 3: గీత

గీత వేయడానికి ముందు ఫోన్లో వాలు చూపించే యాప్‌తో మొదలుపెట్టాం. ఒకే చోట ముగ్గురి ఫోన్లు మూడు అంకెలు చూపించాయి. ఎండకు ఫోను వేడెక్కి ఆగిపోవడం మరో గొడవ. పక్కన పెట్టేశాం.

కందకాలు తవ్విన అక్కలు మట్టం చూడ్డానికి వాడే ఎ-ఫ్రేమే (ఇంగ్లిషు A ఆకారంలో కట్టిన కర్రల చట్రం) చివరికి దిక్కైంది. వింజమూరులో కొన్న వెదురు కర్రలతో చేశాం. అడవిలో వెదురు ముట్టుకోలేదు.

1. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టాలి. కింద కాళ్ల మధ్య సరిగ్గా 2 మీటర్లు.
2. కాళ్ల మధ్య సగం ఎత్తులో అడ్డకర్ర.
3. పై ముడి నుంచి సన్నటి తాడు, కొసకు రాయి. తాడు అడ్డకర్రను దాటి కిందికి వేలాడాలి.
4. నేల మీద నిలబెట్టి తాడు తగిలిన చోట గుర్తు. కాళ్లు తిప్పి అదే చోట పెట్టి ఇంకో గుర్తు. రెంటి నడిమి మట్టం.
5. ఆ మట్టంగా ఉన్న రెండు చోట్ల పెట్టి, ఒక కాలి కింద 20 సెంటీమీటర్ల దిమ్మె ఉంచితే 10 శాతం ఎక్కుడు. మా ఫ్రేమ్‌లో ఆ గుర్తు నడిమికి 8.7 సెంటీమీటర్లు పక్కన పడింది. ఇట్లాగే 5 శాతానికి, 12 శాతానికి గుర్తులు పెట్టాం.

గాలికి తాడు ఊగుతుంటే మా వాళ్లు అంచనాగా ముగ్గు వేసుకుంటూ పోయారు. వెనకాల చూస్తున్న అక్క ఊరుకోలేదు. "తాడు ఊగతా ఉండంగా గుర్తు పెట్టబాకండి సార్. రెండు వేళ్లతో రాయిని ఆపి వదలండి" అంది. ఆమె చెప్పినట్టు చేశాక మళ్లీ కొలిస్తే, మేము అంతకుముందు వేసిన 40 మీటర్ల గీతలో 7 శాతం అనుకున్నది ఒకచోట 14, ఒకచోట మట్టం. ఆ ముగ్గంతా తుడిచి మొదటినుంచి వేశాం. తర్వాత ఫ్రేమ్ ఆ అక్క చేతిలోంచి తీసుకోలేదు.

గీత వేసేటప్పుడు పట్టుకున్న లెక్కలు రెండే. సగటు ఎక్కుడు 10 శాతం చుట్టూ ఉండాలి. ఎక్కడైనా సరే దోవ ఎక్కుడు, పక్కన ఉన్న కొండ వాలులో సగం దాటకూడదు. దాటితే నీళ్లు దోవను అడ్డంగా దాటిపోవు, దోవనే పట్టుకుంటాయి. దోవ పనులు చేసేవాళ్లు ఎక్కడైనా చెప్పే లెక్కే ఇది. రెండోదాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో తర్వాతి దశలో ఉంది.

గీత పొడవు: 590 మీటర్లు. మలుపులు: 2. తవ్వింది: సున్నా.

## దశ 4: మొదటి 60 మీటర్లు, వదిలేసినవి

కొండ అడుగున నేల సులువుగా ఉంది. చిల్లకంప కొట్టేస్తే తవ్వే పనే పెద్దగా లేదు. ఎక్కుడు 8 శాతం పెట్టి 60 మీటర్లు గబగబా చదును చేసేశాం. అందరికీ మంచి ఊపు వచ్చింది.

తర్వాత నీళ్ల పరీక్ష. 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి దోవకు పైన ఆరు మీటర్ల దూరాన ఉంచి, అర నిమిషంలో పోసేశాం. నీళ్లు దోవ దాకా వచ్చాయి. వచ్చి దాటలేదు. దోవ వెంబడే 11 మీటర్లు దిగి, మధ్యలో మెత్తటి మట్టిని గీరుకుంటూ, కింద ఒకచోట గుంటగా నిలిచాయి.

కారణం కొలిస్తే తెలిసింది. అక్కడ కొండ వాలే 9 శాతం. దాని మీద 8 శాతం దోవ అంటే పాత దోవ చేసిన తప్పే, వాలు తక్కువ కావడంతో కంటికి ఆనలేదు. నిటారు కొండ మీద అందరూ జాగ్రత్తగా ఉంటారు. దోవలు ఎక్కువగా చెడేది ఇట్లాంటి బల్లపరుపు నేలలోనే. అక్కడ నీళ్లకు పక్కకు పోయే దారి ఉండదు.

మార్చింది:

1. ఎక్కుడు 4.4 శాతానికి దించాం. అదే ఎత్తు ఎక్కడానికి 60 మీటర్లు కాస్తా 110 అయింది.
2. దోవ నేలకంటే ఒక జానెడు ఎత్తుగా ఉండేలా, రెండు వైపులా రాళ్లు పరిచి మధ్యలో పలక ముక్కలు, మట్టి వేసి దిమ్మిసతో కొట్టాం.
3. వదిలేసిన 60 మీటర్లలో మట్టి గుల్ల చేసి, కొట్టిన చిల్లకంప మీద పరిచాం.

ఇప్పటికి: నిలిచింది 110 మీటర్లు, వదిలేసింది 60. గీత మొత్తం 640 మీటర్లయింది.

## దశ 5: కోత

ఇక్కడినుంచి అసలు కొండ. వాలు 36 శాతం, నేలలో పలక రాయి. పలక రాయి సంగతి పలక గనులున్న మార్కాపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు: గునపం పొర వెంబడి పడితే చేతిలో విస్తరంత పలక లేచి వస్తుంది, పొరకు అడ్డంగా పడితే గునపం ఎగిరి మోచేయి అదురుతుంది. పది నిమిషాలు చూసి పొర ఎటు వాలిందో కనిపెట్టి తవ్వడం మొదలుపెడితే పని సగమవుతుంది.

దోవ వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకున్నాం. మొదట సగం కోత వేశాం. అంటే లోపలి సగం తవ్వి, ఆ మట్టిని బయటి సగానికి నింపడం. చేతికి తేలిక. లెక్క ఇది:

- పూర్తి కోత: లోపలి అంచున 32 సెంటీమీటర్ల లోతు. మీటరు దోవకు 0.146 ఘనపు మీటర్ల మట్టి, అంటే పన్నెండు తట్టల పైన.
- సగం కోత: లోతు సగం, వెడల్పు సగం. మట్టి నాలుగో వంతు. మూడు తట్టలు.

ఇట్లా 45 మీటర్లు చేశాం. చూడ్డానికి బాగుంది. మరుసటి వారం వచ్చేసరికి బయటి అంచు వెంట వేలు దూరేంత పగులు. ఒక్క చినుకు పడలేదు, మేకలూ మనుషులూ నడిచారంతే. పలక ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి, మట్టిలాగా పట్టుకోవు. దిమ్మిసతో ఎంత కొట్టినా అదే కథ. ఒకచోట నీళ్ల క్యాన్ పోయగానే మీటరున్నర అంచు కిందికి జారిపోయింది.

అక్కడినుంచి పూర్తి కోత. దోవ మొత్తం కదలని నేల మీదే ఉండాలి. తవ్విన మట్టిని కింద ఒకేచోట కుప్ప పోయకుండా వాలు మీద పల్చగా చల్లాలి. చెట్ల మొదళ్ల దగ్గర వేయకూడదు. వేగం పడిపోయింది. మెత్తటి చోట మనిషికి గంటకు అర మీటరు, గట్టి పొర తగిలితే అందులో సగం. జనాన్ని పిలిచేటప్పుడు ఈ అంకె ముందే చెప్పండి. రోజుకు వంద మీటర్లు అనుకుని వచ్చినవాళ్లు మధ్యాహ్నానికే నీరసపడిపోతారు.

రెండో మార్పు బయటి వాలు. నీళ్లు దోవను అడ్డంగా దాటిపోవడానికి బయటి అంచు కాస్త కిందికి ఉండాలి. 5 శాతం అంటారు. 90 సెంటీమీటర్లకు నాలుగున్నర సెంటీమీటర్లు. దోవ వెడల్పంత చెక్క మీద రసమట్టం పెట్టి, బయటి కొస కింద ఆ మందం ముక్క ఉంచి సరిచూశాం. మట్టి నేల మీద ఈ వాలు బాగుంటుంది. ఇక్కడ పొడి పలక ముక్కల మీద బూటు పక్కకు జారుతోంది. తలమీద బిందె పెట్టుకుని నడిచిన అక్క "నేను దీని మీద రాను" అని నిలబడిపోయింది. 3 శాతానికి తగ్గించాం.

వాలు తగ్గితే నీళ్లు నిలుస్తాయి కదా. అందుకని నీళ్లను దోవ బయటికి మళ్లించే నీటి పల్లాలు పెంచాం. మొదట 30 మీటర్లకొకటి, జానెడు వెడల్పు రాతి కాలువగా కట్టినవి రెండు క్యాన్లకే పలక ముక్కలతో పూడిపోయాయి. అవి తీసేసి, 20 మీటర్లకొకటి చొప్పున దోవనే మూడు మీటర్ల పొడవున కిందికి దించి మళ్లీ ఎక్కించాం. నడిచేవాళ్లకు తెలియదు. నీళ్లు మాత్రం ఆ పల్లం దాటి కిందికి పోలేవు, బయటికి పోవాల్సిందే. ముక్కలు కూడా వాటితోపాటే పోతాయి.

పలకలు లేపేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. రాయి కింద సందు మన వైపు తెరుచుకోకూడదు, అవతలి వైపు తెరుచుకోవాలి. అప్పుడు రాయే మనకూ లోపలిదానికీ అడ్డం. గంప మూతంత పలక ఒకటి ఇట్లా లేపితే కింద మండ్రగబ్బ, నల్లగా, కొండి ఎత్తి, కదలకుండా. పలకను మెల్లగా దించేసి ఆ చోటు వదిలి రెండు మీటర్ల అవతల తవ్వాం. గంట తర్వాత చూస్తే లేదు. రక్తపింజర కోసం మాత్రం ముందే మాట అనుకున్నాం: కాటు పడితే కోయడం, కట్టడం, పసరు ఏమీ లేవు. 108కి ఫోను, ఫోను అందని చోట ఇద్దరు మోసుకుని దిగడం, నేరుగా విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి. ఆ మందు దగ్గర్లో ఎక్కడ ఉందో పని మొదలవక ముందే కనుక్కుని కాగితం మీద రాసి అందరి జేబుల్లో పెట్టాం.

ఇప్పటికి: 340 మీటర్లు. విప్పి మళ్లీ చేసింది 45.

## దశ 6: వంక దగ్గర గోడ

దోవ ఒక వంకను దాటుతుంది. ఏడాదిలో పది నెలలు ఎండే. మిగతా రెండు నెలల కోసమే ఈ దశ అంతా.

వంకలో దోవ అడుగు నిలవాలంటే కింది వైపు రాతి గోడ కావాలి. 7 మీటర్ల పొడవు, సగటున 80 సెంటీమీటర్ల ఎత్తు, అర మీటరు మందం. సిమెంటు లేదు. రాయి దాదాపు ఐదు టన్నుల పైమాటే, అన్నీ చేతుల మీద.

మా మొదటి గోడ మధ్యాహ్నానికి లేచింది, టీ తాగి వచ్చేలోపు కడుపు ముందుకు వచ్చింది, దిమ్మిసతో వెనక మట్టి కొట్టగానే మూడు మీటర్లు పడిపోయింది. ఎవరి కాళ్ల మీదా పడలేదు. ముందువైపు ఎవరూ నిలబడకూడదన్న మాట పాటించబట్టి.

రాతి పని పెద్దాయన కూలిన కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, మేము అందంగా కనిపించాలని నిలువుగా పేర్చిన పలకను కాలితో తట్టి అన్నాడు: "అబ్బయా, నిలబెట్టిన రాయి పడుకునేదాకా ఊరుకోదు. ముందే పడుకోబెట్టు."

ఆయన కట్టించిన పద్ధతి:

1. అడుగున గట్టి నేల తగిలేదాకా తవ్వాలి. అన్నిటికంటే పెద్ద రాళ్లు అక్కడే. పెద్దవి పైన అందంగా ఉంటాయని దాచిపెట్టకూడదు.
2. ప్రతి రాయీ పొడుగు కొండలోకి, పొట్టి ముఖం బయటికి. ఇది చేస్తే రాళ్లు ఎక్కువ పడతాయి. పడనీ.
3. ప్రతి రాయీ లోపలికి ఒక రవ్వ వాలి ఉండాలి. మాది బయటికి వాలింది.
4. కింది సందు మీద పై సందు రాకూడదు.
5. మీటరుకొకటి గోడ మందమంతా పట్టే పొడుగు రాయి. ఇవి దొరక్క పైనుంచి 40 మీటర్లు గోనెలో లాక్కొచ్చాం.
6. గోడ నిటారుగా కాదు, ఎత్తు నాలుగు వంతులైతే ఒక వంతు వెనక్కి వాలాలి.
7. వెనకాల మట్టి కాదు, రాతి చిప్స్. నీళ్లు ఇంకి బయటికి రావాలి. మట్టి ఉబ్బి గోడను తోస్తుంది.
8. వరస మీద ఎక్కి నిలబడితే ఏ రాయీ కదలకూడదు. కదిలితే చిన్న ముక్క దోపి సరిపెట్టడం కాదు, తీసి మార్చాలి.

పై మట్టం కూడా ఆయనే మార్చాడు. మేము వంక మీద దోవను సమంగా పోనిద్దామనుకున్నాం. వంక మధ్య భాగం రెండు వైపులకంటే ఒక అడుగు కిందికి ఉండాలన్నాడు. నీళ్లు పొంగితే గోడ నడుమ మీదుగా దూకి వంకలోనే పోతాయి. లేదంటే దోవ పట్టుకుని పక్కకు పారి, మనం అంత కష్టపడి తవ్వినదాన్నే కాలువ చేసుకుంటాయి. అట్లాగే నడుమ రాతి పరుపు వేశాం.

ఇప్పటికి: 347 మీటర్లు. కూలిన గోడ 3 మీటర్లు, మళ్లీ కట్టింది 7. ముగ్గురి కూలి 9,600 రూపాయలు. ఖర్చు మొత్తం 24,300.

## దశ 7: మలుపులు, మేకలు

దోవ కొండ మీద వెనక్కి తిరిగే చోట ఎప్పుడూ ఒకటే బెడద. పైనున్నవాళ్లకు కింది దోవ కనిపిస్తుంది, అడ్డంగా దిగేస్తారు. మొదటి మలుపు దగ్గర తవ్వడం పూర్తికాకముందే మేకలు కొత్త అడ్డదోవ వేసేశాయి. కంప అడ్డం వేశాం, పక్కనుంచి దిగాయి. తాడు కట్టాం, కిందనుంచి దూరాయి.

మేకలు కాసే ఆయనతో మాట్లాడాం. మేకల్ని అటు రానివ్వొద్దని చెప్పడానికే పోయాం, నిజం చెప్పాలంటే. ఆయన నవ్వి, "మేకకు మలుపేం తెలస్తది సామీ. కింద ఆకు కనపడితే దిగతాది. మనిషీ అంతే. కనపడకుండా చేసుకోండి" అన్నాడు. పైన 14 మీటర్ల దూరంలో ఉన్న పెద్ద బండ చూపించాడు. మలుపు ఆ బండ చుట్టూ తిరిగితే కింది దోవ కనిపించదు, మధ్యలో దిగడానికి సందు లేదు.

మలుపును అక్కడికి జరిపాం. 9 మీటర్ల తవ్వకం వృథా. ఆ పైన గీత ఒకటి రెండు శాతం సర్దుకోవాల్సి వచ్చింది, మొత్తం పొడవు మారలేదు. అడ్డదోవ ఆగిపోయింది. రెండో మలుపుకు అట్లాంటి బండ దొరకలేదు. పరికికంప దట్టంగా పరిచి వదిలేశాం.

ఫిబ్రవరి మధ్యకు 560 మీటర్ల దాకా వచ్చాం. సరిగ్గా అక్కడ కొత్త గీత పాత దోవను దాటుతుంది. గడ్డి ఎండిపోతోంది, ఇనుము రాయి మీద పడితే నిప్పురవ్వ లేస్తోంది. పని ఆపేశాం. పైన మిగిలిన ఎత్తుకు అప్పటిదాకా పాత దోవలో చివరి 26 మీటర్లే వాడుకోమని చెప్పాం.

పాత దోవ కింది భాగాన్ని మూసేశాం. గండిలో 8 మీటర్లకొక రాతి అడ్డుకట్ట, ఎత్తు 40 సెంటీమీటర్లు. కనిపించే రెండు కొసల్లో 10 మీటర్ల మేర రాళ్లు సగం పాతి, మధ్యలో కంప.

ఇప్పటికి: 560 మీటర్లు. నీటి పల్లాలు 22. తిండి, బండ్లు 18,500 రూపాయలు. ఖర్చు మొత్తం 42,800.

## దశ 8: వానల తర్వాత తనిఖీ

కార్తీకంలో రెండు గట్టి వానలు పడ్డాక, దోవ ఆరక ముందే ఎక్కి చూశాం. ఆరాక చూస్తే నీళ్లు ఎటు పోయాయో సగమే తెలుస్తుంది. తడి మీదైతే ఆకులు, పుల్లలు పేరుకున్న గీతలు అన్నీ చెబుతాయి.

నిలిచినవి:

- పూర్తి కోత వేసిన భాగమంతా. బయటి అంచు ఎక్కడా జారలేదు.
- గోడ. ఒక్క రాయి కదల్లేదు. పెద్దాయన చూసి ఏమీ అనలేదు, చిన్న రాయి ఒకటి తీసి సందులో దోపి ముందుకు నడిచాడు.
- బండ చుట్టూ తిరిగిన మలుపు.
- 22 నీటి పల్లాల్లో 17.

చెడినవి, కారణాలు:

- 5 పల్లాలు పూడిపోయాయి. ఐదింటికీ పైన కోత గోడ (దోవ తవ్వాక కొండ వైపు మిగిలిన నేల అంచు) నిలువుగా ఉంది, అక్కడి పలక రాలి పల్లంలో పడింది. వాలుగా చెక్కిన చోట్ల ఈ గొడవ లేదు.
- గోడ నడుమనుంచి దూకిన నీళ్లు కింద 30 సెంటీమీటర్ల గుంట తవ్వాయి. ఇప్పుడే చూడకపోతే రెండేళ్లలో పునాది కింద ఖాళీ అవుతుంది.
- రెండో మలుపు దగ్గర కంపకు చెదలు పట్టి కూలింది. అడ్డదోవ మొదలైంది.
- పాత గండిలో అడ్డుకట్టల వెనక జానెడు మట్టి నిండింది, గడ్డి వచ్చింది. కానీ కట్టకూ కట్టకూ మధ్య నీళ్లు మళ్లీ కోశాయి. 33 శాతం వాలులో 40 సెంటీమీటర్ల కట్ట వెనక మట్టి మట్టంగా నిండినా పైకి 1.2 మీటర్ల దాకే పాకుతుంది. 8 మీటర్ల దూరం ఏ లెక్కనా సరిపోదు.
- అడుగున ఎత్తు చేసిన 110 మీటర్లలో రెండు చోట్ల నీళ్లు నిలిచాయి. జనం బురద తప్పించుకోను పక్కనుంచి నడిచి దోవను రెండు మీటర్ల వెడల్పు చేశారు. అక్కడ దోవ కింద రాతి చిప్స్ తక్కువ పడ్డాయి, మట్టి ఎక్కువ.

సంక్రాంతి సెలవులకు రాసుకున్న పని, ఈ వరుసలోనే:

1. గోడ కింద గుంట నింపి, మీటరు పొడవున పెద్ద రాళ్ల పరుపు. ఇది కాకుండా ఇంకే పనీ మొదలుపెట్టకూడదు. పెద్దాయనకు మూడు రోజుల కూలి పక్కన పెట్టాం.
2. ఐదు పల్లాలకు పైనున్న కోత గోడలు వాలుగా చెక్కడం.
3. బురద పడిన రెండు చోట్ల మట్టి తీసేసి చిప్స్.
4. పాత గండిలో ఉన్న కట్టల మధ్య దగ్గరదగ్గరగా ఇంకొన్ని కట్టలు.
5. రెండో మలుపు దగ్గర కంపకు బదులు పాతిన రాళ్లు.
6. మిగిలిన 80 మీటర్ల కోత. నాలుగు పల్లాలు. బయటి వాలు 3 శాతం, కోత గోడ మొదటినుంచే వాలుగా.

పనిముట్లలో రెండు చలగపారల పిడులు విరిగాయి, కొత్తవి వేయించి నీలం రంగు పూయాలి. అర్జీలో జాబితా కూడా మార్చాలి: ఈసారి గునపాలు 8.